540 చదరపు అడుగుల్లో స్వయం సమృద్ధమైన ఇల్లు: ఎలా కట్టుకోవాలి

సొంతంగా నీరు, సొంతంగా కరెంటు ఉండే ఇల్లు కట్టుకోవాలనుకునేవారు ఎక్కువగా మొదట అడిగే ప్రశ్న, ఎన్ని కిలోవాట్ల సోలార్ పెట్టించాలని. నిజానికి ఆ ప్రశ్న అన్నిటికన్నా చివర రావాలి. పడమటి ఎండంతా గదుల్లోకి దిగేలా ఇల్లు కడతారు. ఆ వేడికి ఏసీ కొంటారు. ఏసీ నడవడానికి సోలార్ పలకలు, పలకలకు అప్పు. ఈ వరుసను మొదటి మెట్టు దగ్గరే తెంపవచ్చు. ముందు ఎండ, గాలి చూసుకోవాలి. తర్వాత గోడలు, కప్పు. ఆ తర్వాత నీరు, మరుగుదొడ్డి. ఇవన్నీ కుదిరాక మిగిలిన కొద్దిపాటి అవసరానికి కరెంటు లెక్క వేయాలి. ఈ క్రమంలో వెళితే చిన్న ఇల్లు చాలామటుకు తన అవసరాలు తానే తీర్చుకుంటుంది.

ఒక ఉదాహరణ పట్టుకుని వెళదాం. అనంతపురం ప్రాంతంలో ఐదు సెంట్ల స్థలం అనుకోండి. తూర్పు పడమరలుగా 66 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా 33 అడుగులు. అందులో నలుగురు ఉండే కుటుంబానికి 30 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు ఇల్లు, అంటే 540 చదరపు అడుగులు. అనంతపురాన్ని కావాలనే ఎంచుకున్నాను. అక్కడ ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్లు మాత్రమే. అక్కడ తాగునీటి లెక్క కుదిరితే హైదరాబాదులోనో రాజమండ్రిలోనో ఇంకా తేలిగ్గా కుదురుతుంది. మీ ఊరి వాన, మీ ఇంటి మనుషుల సంఖ్య వేసుకుని అంకెలు మార్చుకోండి.

గీత గీయకముందు స్థలాన్ని చదవండి

ప్లాను గీయించే ముందు ఆ స్థలంలో రెండు సమయాల్లో నిలబడి చూడాలి. ఒకటి, మే నెలలో మధ్యాహ్నం మూడు గంటలకు. ఎండ ఏ వైపు నుంచి కొడుతోంది, పక్కింటి గోడ నీడ ఎక్కడిదాకా వస్తోంది, గాలి ఎటు నుంచి వీస్తోంది? రెండు, గట్టి వాన పడుతున్నప్పుడు. నీరు ఎటు నుంచి వచ్చి ఎటు పోతోంది, ఎక్కడ నిలుస్తోంది? నీరు నిలిచే చోట పునాది వేయకండి. ఇంటిని ఎంత ఎత్తుకు లేపాలో కూడా ఆ రోజే తెలిసిపోతుంది.

పక్కవాళ్ళ బోరు నీటిని సీసాలో పట్టి, గ్రామీణ నీటి సరఫరా విభాగం వారి ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. అనంతపురం, నల్గొండ ప్రాంతాల్లో భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు తాగడానికి పనికిరాదు. పళ్ళు గారపట్టడంతో మొదలై ఎముకలదాకా పోతుంది. మీ దగ్గర ఫ్లోరైడు ఉందని తేలితే వాననీటి తొట్టి మీకు తప్పనిసరి. వాననీటిలో ఫ్లోరైడు ఉండదు.

తర్వాత మట్టి. పైనున్న వేళ్ళు, చెత్త తీసేసి రెండడుగుల లోతు నుంచి గుప్పెళ్ళకొద్దీ మట్టి తీయండి. నిటారు అంచులున్న గాజు సీసాలో మూడో వంతు మట్టి వేసి, నిండా నీరు పోసి, చిటికెడు ఉప్పు కలిపి బాగా ఊపి, కదపకుండా ఒక చోట పెట్టండి. ఇసుక, గరుకు నిమిషాల్లో అడుగుకు దిగుతాయి. వాటి మీద సన్నని ఒండ్రు పొర పేరుకుంటుంది. అన్నిటికన్నా చివర, మర్నాటికి, నున్నటి బంకమన్ను పై పొరగా నిలుస్తుంది. స్కేలు పెట్టి మూడు పొరలూ కొలవండి. గరుకు, ఇసుక కలిపి సుమారు మూడింట రెండొంతులు, బంకమన్ను ఐదో వంతు ఉంటే, ఆ మట్టితోనే ఇటుకలు చేసుకోవచ్చు. బంకమన్ను మరీ ఎక్కువగా ఉంటే ఇసుక కలపాలి. రేగడి నేల అయితే ఆ మట్టి ఇటుకలకు పనికిరాదు. అంతేకాదు, ఆ నేల వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది. అలాంటి చోట మామూలు పునాది వేస్తే గోడలు ఏటా పగుళ్ళు తేలతాయి. రేగడిలో నేలలోతున ఉబ్బెత్తు అడుగు ఉండే పైల్ (కాంక్రీటు స్తంభం) పునాదుల పద్ధతిని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ మన దేశ నేలల కోసమే రూపొందించింది. ఆ నేలలో ఇంజినీరు సలహా లేకుండా ఒక్క రాయి కూడా పెట్టకండి.

ఎండను బట్టి గదులు

ఇంటి పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. పొడవాటి గోడలు ఉత్తరానికీ దక్షిణానికీ తిరిగితే, పొట్టి గోడలు తూర్పు, పడమరలకు వస్తాయి. ఉదయం, సాయంత్రం ఎండ ఏటవాలుగా నేరుగా గోడను తాకుతుంది కాబట్టి ఆ రెండు వైపులా గోడ ఎంత తక్కువ ఉంటే అంత మేలు. మిట్టమధ్యాహ్నం ఎండను సజ్జతో ఆపవచ్చు. సాయంత్రం ఎండను సజ్జ ఆపలేదు, చెట్టో వసారానో ఆపాలి.

దక్షిణపు కిటికీల లెక్క చూడండి. కిటికీ నాలుగడుగుల ఎత్తు, దాని పైన రెండడుగుల సజ్జ ఉన్నాయనుకోండి. అనంతపురంలో డిసెంబరు చివర మధ్యాహ్నం సూర్యుడు 52 డిగ్రీల ఎత్తున ఉంటాడు. సజ్జ నీడ రెండున్నర అడుగులదాకా పడుతుంది, అడుగున్నర మేర చలికాలపు ఎండ లోపలికి వస్తుంది. మార్చి వచ్చేసరికి సూర్యుడు బాగా పైకి చేరతాడు కాబట్టి మధ్యాహ్నం కిటికీ మొత్తం నీడలోనే ఉంటుంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు రెండో వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు అనంతపురానికి కాస్త ఉత్తరాన ఉంటాడు. అందుకని ఉత్తరపు కిటికీలకూ ఒక అడుగు సజ్జ ఉండాలి. చాలామంది మేస్త్రీలు అన్ని కిటికీలకూ ఒకే కొలత సజ్జ పోస్తారు. ఏ వైపుకు ఎంతో ప్లానులోనే రాయించి, సెంట్రింగు కొట్టేటప్పుడు టేపు పట్టి కొలవండి.

ఇక గదులు. పడమటి చివర ఆరడుగుల పట్టీని మనుషులు ఎక్కువసేపు ఉండని వాటికి ఇవ్వండి. ఆ పట్టీలో ఉత్తర సగం స్నానాల గది, మరుగుదొడ్డి. దక్షిణ సగం సామాన్ల గది. సాయంత్రపు వేడిని ఇవి భరిస్తాయి. దాని పక్కన పదడుగుల పట్టీలో ఉత్తరం వైపు ఏడడుగుల వంటగది, దక్షిణం వైపు పదకొండడుగుల పడకగది. తూర్పున మిగిలిన పద్నాలుగు అడుగులు మొత్తం హాలు. గోడల మందం పోను లోపలి కొలతలు కొంచెం తగ్గుతాయి. ఈ అమరికలో వంటగదికి, స్నానాల గదికి మధ్య ఒకే గోడ ఉంది. నీటి పైపులన్నీ ఆ ఒక్క గోడ వెంట పోతాయి. లీకయితే వెతకడం తేలిక, పైపు ఖర్చు తక్కువ, వాడిన నీరు ఒకే చోటికి చేరుతుంది. వాస్తు చూసుకునేవారికీ ఇబ్బంది లేదు. ఆగ్నేయం కుదరనప్పుడు వంటకు వాయవ్యం చెబుతారు, ఈ వంటగది ఆ వైపే ఉంది. పడకగది నైరుతి వైపే ఉంటుంది కానీ పడమటి ఎండకు, దానికి మధ్య సామాన్ల గది అడ్డుగా నిలుస్తుంది.

చిన్న ఇంట్లో బల్లలు, బీరువాలు నేలను తినేస్తాయి. గోడల్లో గూళ్ళు వదిలి, వాటిలో తాడిపత్రి బండలు అరలుగా అమర్చండి. సామాన్ల గది, స్నానాల గది మీద అటక వేయించండి. హాలులో తూర్పు కిటికీ కింద అడుగున్నర ఎత్తు అరుగు కట్టిస్తే పగలు కూర్చోవచ్చు, రాత్రి ఒకరు పడుకోవచ్చు, కింద వడ్ల బస్తాలు పెట్టుకోవచ్చు. ఇంటి ముందు ఎనిమిదడుగుల పెంకుల వసారా కూడా వేసుకుంటే ఈ 540 అడుగులు ఇరుకనిపించవు. మన ఊళ్ళల్లో రోజులో సగం పనులు వసారాలోనే జరుగుతాయి.

గాలి సంగతి ప్రాంతాన్ని బట్టి మారుతుంది. అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్‌లాంటి పొడి ప్రాంతాల్లో వేసవి రాత్రులు చల్లబడతాయి. అక్కడ మందమైన గోడలు, పగలు మూసి రాత్రి తెరిచే కిటికీలు, పైకప్పు కిందే వెంటిలేటర్లు ఉండాలి. దక్షిణపు కిటికీ నుంచి వచ్చిన గాలి వేడెక్కి ఉత్తరపు వెంటిలేటరు గుండా పోవాలి. కాకినాడ, మచిలీపట్నం వైపు ఉక్క ఎక్కువ, రాత్రి కూడా అంతగా చల్లబడదు. అక్కడ మందమైన గోడ ఎక్కువ మేలు చేయదు, పగలూ రాత్రీ గాలి ఆడాలి. పెద్ద కిటికీలు, చుట్టూ వసారా, ఏటవాలు కప్పు కావాలి. ఉత్తరాంధ్ర తీరంలో గుండ్రటి చుట్టిళ్ళు కట్టుకున్నది తుపాను గాలికి మూలలు ఎదురుపడకుండా. కోనసీమ మండువా లోగిళ్ళు కట్టుకున్నది గాలి, వెలుతురు నడిమింట్లోకి దిగడానికి. 540 అడుగుల ఇంట్లో మండువా పెడితే ఉండడానికి చోటు మిగలదు. పెద్దల ఇళ్ళ నుంచి ఆలోచన తీసుకోండి, ఆకారం కాపీ కొట్టకండి.

గోడలు, కప్పు

పునాదికి అనంతపురంలో రాయికి కొదవ లేదు. నేల మట్టానికి రెండడుగులు పైకి రాతి కట్టడం లేపండి, దాని మీద తేమ ఎక్కకుండా కాంక్రీటు పట్టీ వేయండి. ఒకే అంతస్తు ఇంటికి పిల్లర్లు అవసరం లేదు. తొమ్మిది అంగుళాల గోడల మీదే స్లాబు నిలుస్తుంది. ఇప్పుడు ఊళ్ళల్లో రెండు గదుల ఇంటికి కూడా పిల్లర్లు లేపి, వాటి మధ్య గోడ నింపుతున్నారు. అలా చేస్తే ఇనుము ఖర్చు అనవసరంగా పెరుగుతుంది. ఆ డబ్బులో కొంత పెట్టి లింటెల్ (తలుపులు, కిటికీల పై అంచు) మట్టంలో ఇంటి చుట్టూ తెగకుండా కాంక్రీటు బెల్టు పోయించండి. గోడలన్నిటినీ అది కలిపి పట్టి ఉంచుతుంది. భవిష్యత్తులో పై అంతస్తు వేసే ఉద్దేశం ఉంటే మాత్రం ఇప్పుడే ఇంజినీరుకు చెప్పండి.

గోడకు రెండు మంచి దారులున్నాయి. సీసా పరీక్షలో మట్టి పనికొచ్చిందంటే, అందులో ఐదు శాతం సిమెంటు కలిపి, చేతి యంత్రంతో అదిమి ఇటుకలు తీయవచ్చు. బట్టీ లేదు, కట్టెలు, బొగ్గు అక్కర్లేదు. పునాది తవ్విన మట్టి అక్కడే గోడగా మారుతుంది. ఈ పద్ధతి మీద బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలోనూ, ఆరోవిల్‌లోనూ దశాబ్దాలుగా పని జరిగింది. ఇటుకలను నీడన పేర్చి, నాలుగు వారాలు తడుపుతూ ఉంచాలి. ఇక్కడ తొందరపడితే ఇటుక వానకు కరుగుతుంది. నాలుగు వారాలయ్యాక ఒక ఇటుకను రాత్రంతా నీళ్ళలో ముంచి, పొద్దున గోరుతో గీకి చూడండి. మట్టి రాలితే ఆ దఫా ఇటుకలను గోడకు వాడకండి.

మట్టి కుదరకపోతే కాల్చిన ఇటుకో, ఫ్లై యాష్ ఇటుకో తీసుకుని ర్యాట్ ట్రాప్ పద్ధతిలో కట్టించండి. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి రెండు వరుసలు కడతారు. మధ్యలో మూడు అంగుళాల ఖాళీ ఉంటుంది. ఇటుకలు దాదాపు నాలుగో వంతు తగ్గుతాయి, సిమెంటు కూడా తగ్గుతుంది. లోపలి ఖాళీలో నిలిచిన గాలి ఎండ వేడిని లోపలికి రానివ్వదు. కేరళలో వేలకొద్దీ ఇళ్ళు తక్కువ ఖర్చులో కట్టడానికి దారి చూపిన లారీ బేకర్ ఈ పద్ధతిని మన దేశంలో బాగా వాడుకలోకి తెచ్చారు. మీ మేస్త్రీకి ఇది కొత్తయితే ముందు మూడడుగుల నమూనా గోడ కట్టించి చూడండి. మూలల్లో, తలుపులు, కిటికీల అంచుల్లో ఖాళీ వదలకుండా గట్టిగా కట్టాలని చెప్పండి.

ఇంట్లోకి వచ్చే వేడిలో ఎక్కువ భాగం కప్పు నుంచే వస్తుంది. కాబట్టి గోడ దగ్గర పొదుపు చేసినా కప్పు దగ్గర చేయకండి. రాయలసీమలో పాత మట్టిమిద్దెల మీద చవుడు మట్టి పరుస్తారు. చవుడు తడిస్తే మూసుకుపోయి నీటిని కిందికి దిగనివ్వదు. ఆ ఇళ్ళల్లో మే నెలలోనూ మధ్యాహ్నం నిద్ర పడుతుంది. కానీ ఏటా వానలకు ముందు చవుడు మళ్ళీ పరవాలి, ఆ మిద్దె మీద పడిన నీరు తాగడానికి రాదు. మనకు కప్పే నీటి వనరు కాబట్టి ఇక్కడ ఫిల్లర్ స్లాబు మంచిది. స్లాబు కింది భాగంలో కాంక్రీటు బరువు మోసే పని చేయదు, అక్కడ లాగుడును ఇనుమే మోస్తుంది. ఆ భాగంలో కమ్మీల మధ్య మంగళూరు పెంకులను జంటలుగా బోర్లించి పోస్తే కాంక్రీటు తగ్గుతుంది, పెంకుల మధ్య గాలి వేడిని ఆపుతుంది. కమ్మీల మధ్య దూరం ఇంజినీరు చెప్పినట్లే ఉండాలి. స్లాబు మీద వాటం పెట్టి తెల్ల టైల్సు ముక్కలు అతికించండి. ఎండను తిప్పికొడుతుంది, వాననీరు శుభ్రంగా జారుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇలాంటి తెల్ల కప్పుల కోసమే.

ఏడాది పొడవునా తాగునీరు

ఈ ఇంటికి ప్రాణం ఇదే, కాబట్టి కాస్త నిదానంగా లెక్క చూద్దాం. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 540 చదరపు అడుగులంటే 50 చదరపు మీటర్లు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే 27,500 లీటర్లు. ఆవిరైనది, మొదట వదిలేసేది పోను 80 శాతం చేతికొస్తుందనుకుంటే 22,000 లీటర్లు.

ఖర్చు వైపు చూద్దాం. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 8 లీటర్లు ధారాళంగా సరిపోతాయి. నలుగురికి రోజుకు 32, ఏడాదికి 11,680 లీటర్లు. కరువొచ్చి వాన 330 మిల్లీమీటర్లకు పడిపోయినా 13,200 లీటర్లు దొరుకుతాయి. అంటే కరువు ఏడాదిలో కూడా తాగునీరు, వంట నీరు కప్పు మీది నుంచే వస్తాయి. అన్ని అవసరాలకూ సరిపోతుందా అంటే సరిపోదు. జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు. నలుగురికి ఏడాదికి 80,000 లీటర్లు దాటుతుంది. మిగతాది కుళాయో బోరో ఇవ్వాలి. వాననీటితోనే అన్నీ నడుస్తాయని ఎవరైనా చెబితే వారి లెక్క అడగండి.

తొట్టి ఎంత ఉండాలి? డిసెంబరు నుంచి మే దాకా, ఆలస్యమైతే జూన్ చివరిదాకా, సుమారు 200 రోజులు వాన లేకుండా గడవాలి. 32 లీటర్ల చొప్పున 6,400 లీటర్లు. వాన ఇంకా ఆలస్యమైనా, చుట్టాలొచ్చినా ఇబ్బంది లేకుండా 10,000 లీటర్ల తొట్టి కట్టండి. ఎనిమిదడుగుల వ్యాసం, ఏడున్నర అడుగుల లోతు గుండ్రటి తొట్టి సరిపోతుంది. గుండ్రంగా కడితే నీటి ఒత్తిడి అన్ని వైపులా సమంగా పడుతుంది, మూలల్లో పగుళ్ళు రావు. స్థలంలో ఈశాన్యం వైపు, సగం భూమిలో సగం పైన ఉండేలా కట్టండి. వేసవిలోనూ నీరు చల్లగా ఉంటుంది.

కప్పు నుంచి నాలుగు అంగుళాల పైపు ఒకటి చాలు. ఆ పైపు తొట్టికి చేరే ముందు ఒక చీలిక పెట్టి, కిందికి దిగే కొమ్మను మూత బిగించిన 50 లీటర్ల డ్రమ్ములోకి వదలండి. వాన మొదలవగానే కప్పు మీది దుమ్ము, పిట్టల రెట్టలు, ఆకులు కడిగిన మురికి నీరు ముందుగా ఆ డ్రమ్ములో నిండుతుంది. అది నిండాక నీటికి వేరే దారి ఉండదు కాబట్టి, వెనక వచ్చే శుభ్రమైన నీరు చీలిక దగ్గర తిరిగి వడపోత తొట్టిలోకి పోతుంది. డ్రమ్ము అడుగున చిన్న కుళాయి పెట్టి, వాన వెలిశాక తప్పకుండా ఖాళీ చేయాలి. ఈ ఒక్క పని మరిచిపోతే తర్వాతి వాన మురికి నేరుగా తాగునీటిలో కలుస్తుంది. పిల్లల్లో ఒకరికి ఈ బాధ్యత అప్పగించండి, పెద్దల కంటే వాళ్ళు బాగా గుర్తుపెట్టుకుంటారు. వడపోత తొట్టిలో అడుగున కంకర, దాని మీద ముతక ఇసుక, మధ్యలో బొగ్గు పొర. ఏటా వానలకు ముందు ఇసుక తీసి కడగాలి.

తొట్టికి వెలుతురు చొరబడని మూత ఉండాలి, లేకపోతే పాచి పడుతుంది. పొర్లు పైపు నోటికి సన్న జాలీ బిగించండి. డెంగీ దోమ పెరిగేది ఇలాంటి మంచినీటిలోనే. పొర్లే నీటిని ఇంకుడు గుంతకు వదలండి. తొట్టి నుంచి చేతిపంపుతో తోడుకుంటే కరెంటుతో పని లేదు, బిందె ముంచే అవసరమూ ఉండదు. తాగే ముందు నీరు కాచుకోవడం మంచిది. గ్యాసు పొదుపు చేయాలంటే శుభ్రమైన, రంగులేని సీసాల్లో పోసి ఆరు గంటలు మంచి ఎండలో పడుకోబెట్టినా క్రిములు చస్తాయి. మబ్బుగా ఉంటే రెండు రోజులు పెట్టాలి.

మరుగుదొడ్డి, వాడిన నీరు

ఎర్రనేలకు, గరపనేలకు రెండు గుంటల మరుగుదొడ్డిని మించినది లేదు. మీటరు వ్యాసం, మీటరు లోతు గుంటలు రెండు, వాటి మధ్య కనీసం మీటరు దూరం. గోడను సందులు వదిలి ఇటుకతో కట్టాలి, అడుగు కట్టకూడదు. ఒకటి నిండడానికి నలుగురైదుగురు ఉన్న ఇంట్లో మూడేళ్ళ దాకా పడుతుంది. అప్పుడు దాన్ని మూసి రెండో దానికి మళ్ళిస్తారు. మూసిన గుంటను కనీసం ఏడాదిన్నర ముట్టుకోకపోతే లోపల ఉన్నది వాసన లేని నల్లటి ఎరువు అవుతుంది. చాలామంది నమ్మరు. 2017లో వరంగల్ దగ్గరి గంగదేవిపల్లిలో అప్పటి కేంద్ర పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ ఇలాంటి గుంటలోకి స్వయంగా దిగి ఎరువు తోడి చూపించారు. సెప్టిక్ ట్యాంకుల్లోకి మనుషులను దింపి ప్రాణాలు తీస్తున్న ఈ రోజుల్లో, సొంత ఇల్లు కట్టుకునేవారు ఈ పద్ధతి గురించి ఒక్కసారైనా ఆలోచించాలి.

నియమాలు గట్టిగా పాటించండి. మీదైనా, పక్కవారిదైనా బావికి, బోరుకు పది మీటర్ల దూరం ఉండాలి. మన స్థలంలో తొట్టి ఈశాన్యాన ఉంటుంది, గుంటలు పడమర వైపు వాయవ్యంలో పెడితే ఆ దూరం తేలిగ్గా వస్తుంది. స్నానాల నీరు గుంటలోకి పంపకండి. యాసిడ్, ఫినాయిలు పోస్తే లోపల కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు చస్తాయి. భూగర్భజలం పైకే ఉన్న డెల్టా ఊళ్ళల్లో, రేగడి నేలల్లో ఈ గుంటలు సరిపడవు.

స్నానాలు, బట్టలు, అంట్ల నీరు రోజుకు 130 నుంచి 150 లీటర్ల దాకా వస్తుంది. వంటగది నీటిని ముందు చిన్న తొట్టిలో నిలిపి పైన తేలిన జిడ్డు తీసేయాలి. తర్వాత అంతా కలిపి ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండడుగుల లోతున్న కంకర మడిలోకి పంపండి. అందులో మెట్టతామర, చేమ నాటండి. నీరు కంకర కిందే పారాలి, పైకి తేలితే దోమలు పట్టాయన్నమాటే. ఆ మడి దాటిన నీరు అరటి, బొప్పాయి, కొబ్బరి పాదులకు. ఆకుకూరలకు, ముల్లంగి, క్యారెట్ లాంటి దుంపలకు మాత్రం ఈ నీరు పెట్టకండి.

ఇప్పుడు కరెంటు

ఇంట్లో వేడి తగ్గించాక లెక్క చాలా చిన్నదవుతుంది. తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు మూడు, 30 వాట్ల చొప్పున 12 గంటలు తిరిగితే ఒక యూనిట్ కంటే కొద్దిగా ఎక్కువ. ఎల్‌ఈడీ దీపాలు నాలుగు, టీవీ, ఫోన్లు కలిపి అర యూనిట్. చిన్న ఫ్రిజ్ 0.8 యూనిట్. అర హార్స్‌పవర్ మోటారు అరగంట, మిక్సీ కలిపి 0.3. మొత్తం రోజుకు దాదాపు 2.7 యూనిట్లు. పాత ఫ్యాన్లు 75 వాట్లవి ఉంచితే ఆ మూడు ఫ్యాన్లే 2.7 యూనిట్లు తినేస్తాయి. అందుకే పలకల కన్నా ముందు ఫ్యాన్లు మార్చండి.

ఒక కిలోవాట్ పలకలు మన దగ్గర రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తాయి. కప్పు మీద నీడ పడని పది చదరపు మీటర్లు కావాలి. దక్షిణానికి తిప్పి, మీ ఊరి అక్షాంశమంత వాలు, అంటే అనంతపురంలో 15 డిగ్రీలు పెట్టండి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో కిలోవాట్‌కు 30,000 రూపాయల చొప్పున, రెండు కిలోవాట్ల దాకా సబ్సిడీ ఉంది. ఒక సంగతి చాలామందికి అమర్చాకే తెలుస్తుంది: లైనుకు కలిపిన మామూలు సోలార్, కరెంటు పోతే తానూ ఆగిపోతుంది. లైన్‌మన్ ప్రాణం కాపాడటానికి అలా చేస్తారు. కరెంటు పోయినప్పుడూ ఫ్యాను తిరగాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరు, బ్యాటరీ కావాలి. దీపాలకు, ఫ్యాన్లకు 24 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ చాలు, అందులో సుమారు 2.4 యూనిట్లు నిలుస్తాయి.

వంటకు గోబర్ గ్యాస్ పశువులున్న ఇంటికే. రెండు ఘనమీటర్ల దీనబంధు ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ కావాలి, అంటే నాలుగైదు పశువులు. రెండే ఉంటే ఒక ఘనమీటరుది కట్టుకోండి. పశువులు లేని ఇంట్లో కూరగాయల తొక్కలతో వంటంతా అయిపోతుందని ఆశపడకండి. సిలిండరు ఉంచుకుని, పగటిపూట అన్నం, పప్పు సోలార్ కుక్కరుకు అప్పగించండి.

తిండి విషయంలోనూ లెక్క నిజాయితీగా ఉండాలి. ఇల్లు, వసారా, తొట్టి, గుంటలు పోను వెయ్యి చదరపు అడుగులకు పైగా పెరడు మిగులుతుంది. ఆకుకూరలు, వంకాయ, బెండ, చిక్కుడు, మునగ, కరివేపాకు, నిమ్మ, బొప్పాయి అక్కడ పండుతాయి. బియ్యం, పప్పు, నూనె కొనవలసిందే. పడమటి గోడకు 12 అడుగుల దూరంలో కానుగో వేపో నాటండి. రావి, మర్రి వేళ్ళు పునాదిలోకి పోతాయి, వాటిని ఇంటి దరిదాపుల్లో పెట్టకండి.

ఏ నెలలో ఏ పని

పంచాయతీ అనుమతి చేతికొచ్చాక కార్తీకంలో మొదలుపెట్టండి. వానలు వెనకబడతాయి, బోర్లలో నీరు ఉంటుంది, ఎండ తక్కువ కాబట్టి సిమెంటు పని బాగా గట్టిపడుతుంది. అన్నిటికన్నా ముందు వాననీటి తొట్టి కట్టించండి. ఇల్లు పూర్తయ్యేదాకా అదే పనికి నీటి నిల్వ, ట్యాంకరు ఖర్చు తగ్గుతుంది. నీరు నిలిపి వారం చూస్తే కారుతోందో లేదో కూడా అప్పుడే బయటపడుతుంది. పునాది వేస్తుండగానే పక్కన మట్టి ఇటుకలు తీయించండి, పునాది ఆరేసరికి అవి సిద్ధమవుతాయి. సంక్రాంతికి గోడలు లింటెల్ దాకా, మాఘంలో స్లాబు. స్లాబు మీద మూడు వారాలు నీరు నిలపాలి. ఎండలు ముదిరేలోగా కప్పు మీద టైల్సు, పైపులు, మరుగుదొడ్డి గుంటలు పూర్తి కావాలి. వైశాఖంలో గృహప్రవేశం పెట్టుకుంటే వానలకు ముందు ఒక వేసవి నెలంతా ఆ ఇంట్లో ఉంటారు. ఏ గది ఏ వేళ వేడెక్కుతోందో చూసి, పడమటి వైపు తడికో పందిరో అప్పుడే వేసుకోవచ్చు.

మొదటి రెండు వానల నీరు తొట్టిలోకి పంపకండి. కొత్త కప్పు మీది సిమెంటు పొడి అందులో ఉంటుంది. మూడో వాన నుంచి పంపండి. వాన పడుతుండగానే గొడుగు పట్టుకుని ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. ఏ సజ్జ అంచున నీరు గోడకు జారుతోంది, ఏ పైపు కీలు కారుతోంది, పునాది పక్కన ఎక్కడ మడుగు కడుతోంది అన్నవన్నీ కంటికి కనబడతాయి. సుద్దముక్కతో అక్కడికక్కడే గుర్తు పెట్టి, వాన తెరిపివ్వగానే మేస్త్రీని పిలిపించండి. అతని చివరి విడత డబ్బు అప్పటిదాకా ఆపి ఉంచుతామని పని మొదట్లోనే చెప్పి, కాగితం మీద రాసుకోండి.